పత్తిచేలో ఒక ఎంజైము కథ

పర్చూరు నల్లరేగడిలో పత్తి పండించే ఇంట్లో పుట్టి, గుంటూరులో పిల్లలకు జీవరసాయన శాస్త్రం చెప్పినదాన్ని నేను. మా చేల చరిత్ర తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము.

నరం నుంచి కండరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను పని కాగానే విరగ్గొట్టడం దాని పని. దాన్ని అడ్డుకుంటే కబురు ఆగదు, కండరం అదిరి అదిరి చచ్చుబడుతుంది. జర్మనీలో పురుగుమందుల కోసం వెతుకుతున్న గెర్హార్డ్ ష్రాడర్‌కు 1936లో దొరికిన టాబున్ అనే యుద్ధవిషం ఇలాగే చంపుతుంది. పత్తికి కొట్టే పురుగుమందు మోనోక్రోటోఫాస్‌ది కూడా అదే పద్ధతి. మా ఊళ్లలో దాన్ని ‘మోనో’ అనేవాళ్లు.

నాన్న డ్రమ్ము నీళ్లలో డబ్బా మూతతో మోనో కొలిచి పోసి, కర్రతో కలిపేవాడు. మందు కొట్టే కూలీకి మూతి చుట్టూ తువ్వాలే రక్షణ. సాయంత్రానికి చెమటలు, వాంతులు, చూపు మసక. ఆస్పత్రిలో డాక్టరు ముందు కనురెప్ప ఎత్తి చూసేవాడు. కంటిపాప ఆవగింజంత అయి ఉండేది. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించేవారు. ఎంజైమును విడిపించే ప్రాలిడాక్సిమ్ ఆలస్యమైతే పనిచేయదు.

మలాథియాన్ అనే మరో పురుగుమందును మన ఒళ్లు చాలావరకు విరిచేస్తుంది, పురుగు అంత త్వరగా విరవలేదు. మోనోకు ఆ తేడా లేదు. ఇలాంటి మందులూ, తర్వాతి సింథటిక్ పైరిథ్రాయిడ్లూ కలిసి అక్షింతల పురుగుల్లాంటి మిత్రపురుగుల్ని కూడా చంపాయి. వాటి అడ్డు పోయి, 1980ల మధ్యలో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం చేలను కమ్మేసింది. 1987-88లో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్లకూ లొంగలేదు. మందుల కొట్లో అరువు మిగిలింది, పంట మిగల్లేదు. ఆ ఏడు ప్రకాశంలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

కూరగాయలపై మోనోను 2005లో నిషేధించారు. 2013లో బీహార్ బడిలో ఈ విషం కలిసిన భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఎక్కువగా అమ్ముడయ్యే 36 శాతం ద్రావణంపై నిషేధం 2023 దాకా రాలేదు. ఇదే ఎంజైమును ఎంచి, కొలతగా అడ్డుకునే డోనెపెజిల్‌ను మాత్రం 1996లో అమెరికా అల్జీమర్స్ రోగులకు మందుగా ఆమోదించింది. ఎంపికా కొలతా ఉన్నచోట వైద్యమైంది, లేనిచోట మా చేలల్లో విషమైంది.

మందు కొట్టే కూలీల రక్తంలో ఈ ఎంజైమును పరీక్షించాలని కాలిఫోర్నియా 1974లోనే నియమం పెట్టింది. పత్తికీ మిర్చికీ మందు కొట్టే మన కూలీలకు కూడా సీజనుకు ముందూ తర్వాతా ఈ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే ఉచితంగా చేయాలి. రైతు సంఘాలు ఇది పట్టుబట్టి అడగాలి.