పాండవులు కనిపించని భారతం

1997లో బ్యాట్‌మ్యాన్ చతికిలబడ్డాడు. ఎనిమిదేళ్ల తర్వాత క్రిస్టఫర్ నోలన్ అదే కథను మొదటి నుంచీ ఎత్తుకుంటే జనం మళ్లీ టికెట్లు కొన్నారు. దీన్ని హాలీవుడ్ రీబూట్ అంటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు జనానికి ఇదేమంత కొత్త సంగతి కాదు. ఒకే కృష్ణుణ్ణి పదిమంది నటుల్లో చూసి, ఎవరికి వన్స్‌మోర్ కొట్టాలో తేల్చిన ప్రేక్షకులు వాళ్లు.

బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో పేరుమోసిన సత్యభామ. శ్రీకృష్ణ తులాభారం కథ ఎవరికి తెలియదు గనక! ఆయన తన పాత్ర కోసం ‘మీరజాలగలడా’ అనే పాట సొంతంగా రాసుకుని అందులో చేర్చారు. 1966లో రామారావు, జమునలతో అదే కథ సినిమాగా వచ్చినప్పుడు సుశీల గొంతులో ఆ పాట మళ్లీ వినిపించింది. మూలంలో లేని చేర్పు మూలం కన్నా ఎక్కువ కాలం బతకడమంటే ఇదే.

అసలు పాఠం ‘మాయాబజార్’ది. శశిరేఖా పరిణయం నాటకాలవాళ్లు అరగదీసిన కథ. 1936లోనే సినిమాగానూ వచ్చింది. దాన్నే మళ్లీ తీయడానికి విజయా సంస్థ పూనుకుంది. నాగిరెడ్డితో కలిసి ఆ సంస్థను నడిపిన చక్రపాణిది తెనాలి. దర్శకుడు కె.వి.రెడ్డి. అంతకుముందు ‘సొంతవూరు’లో రామారావు కృష్ణుడిగా కాసేపు కనిపిస్తే జనం మెచ్చలేదు, అందుకే ఆయన మళ్లీ ఆ వేషానికి జంకారు. కె.వి. వదల్లేదు.

ఇంత చేసి, భారత కథలోంచి పాండవులనే తీసేశారు! సినిమా మొత్తంలో ఐదుగురిలో ఒక్కరూ తెరమీదికి రారు. ధర్మసూక్ష్మాల బరువు దిగిపోయి, పెళ్లింటి హడావిడి, వియ్యాలవారి బడాయి, ఘటోత్కచుడి ఆకలి మిగిలాయి. ఆ రాక్షసుడు శశిరేఖ రూపంలో తిరుగుతుంటే సావిత్రి నడకలో మగతనం చూపించింది. బలరాముడు తెనాలి దగ్గరి రావికంపాడు మనిషి గుమ్మడి. ఎస్వీ రంగారావుకు పాడిన మాధవపెద్ది సత్యానిది పొన్నూరు పక్కన బ్రాహ్మణకోడూరు. మార్కస్ బార్ట్‌లీ కెమెరా లడ్డూలను వాటంతటవే నోట్లోకి పంపింది. 1957 మార్చి 27న విడుదలైన ఆ సినిమా 24 థియేటర్లలో వంద రోజులాడింది.

 

సాహసమే గెలిపిస్తుందనుకుంటే తెనాలి పక్కనే ఉన్న బుర్రిపాలెం కృష్ణను అడగాలి. 1974లో అల్లూరిగా తిరుగులేని విజయం సాధించిన ఆయనే అదే ఏడాది ‘దేవదాసు’ తీశారు. అక్కినేని పాత దేవదాసు అదే సమయంలో మళ్లీ థియేటర్లకొచ్చింది. కొత్తది నిలవలేదు. 1977 సంక్రాంతి రోజున కృష్ణ నటించిన ‘కురుక్షేత్రం’, రామారావు ‘దానవీరశూర కర్ణ’ ఒకేసారి విడుదలయ్యాయి. కృష్ణ వైపు శోభన్‌బాబు, కృష్ణంరాజు ఉన్నారు. హంగుకు లోటు లేదు. కానీ భారతాన్ని దుర్యోధనుడి పక్కన నిలబడి చూపించింది రామారావే. జనం అటే వెళ్లారు.

స్పైడర్‌మ్యాన్‌కూ ఇదే జరిగింది. మూడో భాగం వచ్చిన ఐదేళ్లకే, 2012లో, సాలీడు కాటు, బెన్ బాబాయి చావు మళ్లీ పూసగుచ్చినట్టు చెప్పారు. ఆ వరుస రెండు సినిమాలతో ఆగింది. 2017లో ఆ భాగమంతా వదిలేసి, నేరుగా బడి పిల్లాడి కథలోకి దిగారు, అది నిలబడింది. తెలిసిన కథను ఎంత వదలాలో తెలిసినవాడికే జనం డబ్బులిస్తారు. చక్రపాణి తరం ఈ లెక్క అరవై ఏళ్ల ముందే తేల్చింది.

2024 జనవరి 12న కృష్ణ కొడుకు మహేశ్‌బాబు ‘గుంటూరు కారం’తో వస్తే, అదే రోజు పెద్ద తారలెవరూ లేని ‘హనుమాన్’ కూడా వచ్చింది. పల్లెటూరి కుర్రాడికి ఆంజనేయుడి బలం దొరికిన కథ. ఆ సంక్రాంతికి పెద్ద విజయం దానిదే.