లైసెన్సుకు ముందరి పాఠం: పాపన్నపేట నేపథ్యంలో చారిత్రక పరిశీలన

మోటారు వాహన చట్టాల చరిత్ర ప్రధానంగా వయోపరిమితి, శిక్షల చరిత్ర. 1939 చట్టం 18 ఏళ్లు నిండనివారు బహిరంగ స్థలంలో వాహనం నడపడాన్ని నిషేధించింది. 1988 చట్టం ఆ హద్దును కొనసాగిస్తూ, 50 సీసీ మించని మోటారు సైకిలుకు 16 ఏళ్లకే అనుమతినిచ్చింది. 2019 సవరణ మైనరు నేరానికి సంరక్షకుణ్ణి లేదా వాహన యజమానిని బాధ్యుణ్ణి చేసింది. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా నిర్దేశించింది. ఆ మైనరుకు 25 ఏళ్లు నిండేవరకు లైసెన్సు రాదు.

ఈ చట్టాల్లోని ‘బహిరంగ స్థలం’ అన్న మాట పాపన్నపేట వంటి వ్యవసాయ మండలంలో కీలకం. సొంత పొలంలో ట్రాక్టరు పట్టిన పిల్లవాడు గట్టు దాటి రోడ్డెక్కగానే అదే పని నేరమవుతుంది. చేతికి పనితనం ముందే అబ్బుతుంది. ఎదుటివారి ప్రాణం పట్ల ఎరుక దానంతటది రాదు. మహాశివరాత్రి నాడు ఏడుపాయల జాతరకు జనం కదిలే దారుల్లో కావలసింది ఆ ఎరుకే.

1989 కేంద్ర నియమాలు లెర్నర్ లైసెన్సు పరీక్షలో కాపలాలేని రైల్వే క్రాసింగ్ వద్ద తీసుకోవలసిన జాగ్రత్తలనూ చేర్చాయి. అయినా 2014 జూలై 24న ఇదే మెదక్ జిల్లాలోని మాసాయిపేట వద్ద అటువంటి క్రాసింగ్‌లో బడి బస్సును రైలు ఢీకొని పసిపిల్లలు మరణించారు. నియమం పుస్తకంలో ఉండటం వేరు, ఆగి చూడటం అలవాటు కావడం వేరు. ఆ అలవాటు ఉన్నత పాఠశాల, ఇంటర్మీడియట్ దశల్లోనే ఏర్పడాలి. లైసెన్సు దాని తరువాతి మెట్టు మాత్రమే.