తిరగబడిన అణువు: రసాయన బంధ పరివర్తన అవగాహనలో రెండు ప్రయోగాలు

1. ఉపోద్ఘాతం:
రసాయన చర్యలో పాత బంధాలు తెగి కొత్త బంధాలు ఏర్పడతాయి. తెగడం ముందా, ఏర్పడడం ముందా, లేక రెండూ ఏకకాలంలో జరుగుతాయా అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం తేలలేదు. ఆ క్షణాన్ని చూడగల సాధనం నాడు లేదు. ఈ ప్రశ్నకు దారి చూపింది అణువుల ఆకృతిలో కనిపించిన ఒక మార్పు.

2. వాల్డెన్ పరిశీలన:
కర్బన పరమాణువు నాలుగు బంధాలూ చతుర్ముఖి మూలల వైపు ఉంటాయని 1874లో వాంట్ హాఫ్ ప్రతిపాదించారు. ఆ నాలుగింటికీ వేర్వేరు సమూహాలుంటే, అణువుకు కుడిచేయి, ఎడమచేయి వంటి రెండు రూపాలు సాధ్యం. అవి ధ్రువిత కాంతిని వ్యతిరేక దిశల్లో తిప్పుతాయి.

1896లో రీగా నగరంలో పాల్ వాల్డెన్, కాంతిని ఎడమకు తిప్పే మాలిక్ ఆమ్లాన్ని ఫాస్ఫరస్ పెంటాక్లోరైడుతో క్లోరోసక్సినిక్ ఆమ్లంగా మార్చారు. దానిని సిల్వర్ ఆక్సైడుతో తిరిగి మాలిక్ ఆమ్లంగా మార్చగా, అది కాంతిని కుడికి తిప్పింది. వెళ్ళిన సమూహం ఖాళీ చేసిన చోటనే కొత్తది చేరుతుందన్న భావన దీనితో సడలింది. అయితే ఆకృతి ఏ మెట్టులో తిరగబడిందో ఈ ప్రయోగం చెప్పలేదు.

3. హ్యూస్ కొలత:
1935లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఎడ్వర్డ్ హ్యూస్, ఆయన సహచరులు 2-అయొడోఆక్టేన్ ఒక రూపాన్ని ఎసిటోన్‌లో రేడియోధార్మిక అయొడైడుతో చర్య జరిపించారు. వెళ్ళేదీ వచ్చేదీ అయొడినే. రేడియోధార్మికత ద్వారా ప్రతిక్షేపణ వేగాన్ని, కాంతి భ్రమణంలో తగ్గుదల ద్వారా ఆకృతి మార్పును విడివిడిగా కొలిచారు.

భ్రమణం తగ్గే వేగం ప్రతిక్షేపణ వేగానికి 2 రెట్లని తేలింది. తిరగబడిన ప్రతి అణువూ తిరగబడని మరొక అణువు ప్రభావాన్ని రద్దు చేస్తుంది. ఒక్క ప్రతిక్షేపణతో రెండు అణువుల భ్రమణం పోతుంది. పాత అయొడిన్ ముందే పూర్తిగా విడిపోయి ఉంటే, కొత్తది రెండువైపుల నుంచీ సమానంగా చేరేది. అప్పుడు రెండు వేగాలూ సమానమయ్యేవి.

4. ముగింపు:
కొత్త అయొడిన్ వెనుకవైపు నుంచి చేరువయ్యేకొద్దీ పాత బంధం సడలుతుంది. నడిమి స్థితిలో రెండు అయొడిన్లూ కర్బనంతో పాక్షికంగా బంధించి ఉంటాయి. మిగిలిన మూడు బంధాలు ఎదురుగాలికి గొడుగు తిరగబడినట్లు అవతలికి వంగుతాయి. తెగే బంధానికి కావలసిన శక్తిలో కొంత, ఏర్పడే బంధమే సమకూరుస్తుంది. అన్ని చర్యలూ ఇలా జరగవు. బంధం ముందే తెగే ప్రతిక్షేపణలు కూడా ఉన్నాయని హ్యూస్, క్రిస్టఫర్ ఇంగోల్డ్ పరిశోధనలు నిరూపించాయి. ఎవరూ చూడని క్షణాన్ని గురించిన వాదాన్ని రెండు వేగాల నిష్పత్తి తేల్చడమే ఈ 39 ఏళ్ళ చరిత్రలోని విశేషం.