తెరుచుకున్న తలుపు, తెరుచుకోని తలుపు

మ్యూజియంలో పాత వ్యోమనౌక ఎదురైతే కాలి కమిలిన అడుగుభాగాన్నీ, లోపలి ఇరుకు సీటునూ చూస్తాం. తలుపును పట్టించుకునేవాళ్లు తక్కువ. నాకైతే ఆ తలుపే అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు.

1961 మేలో అమెరికా వ్యోమగామి అలన్ షెపర్డ్ ఎక్కిన ఫ్రీడమ్ 7 నౌకకు గడియ బిగించే తలుపు ఉండేది, 31 కిలోల బరువు. అంత బరువెందుకని జూలైలో గస్ గ్రిసమ్ ఎక్కిన లిబర్టీ బెల్ 7కు 10 కిలోల తలుపు పెట్టారు. దానికి 70 టైటానియం బోల్టులు. సులువుగా తెగేలా ఒక్కో బోల్టుకూ సన్నని బెజ్జం, చుట్టూ పేలుడు తాడు. లోపలి మీట నొక్కితే చాలు, తలుపు ఎగిరిపోతుంది. అట్లాంటిక్‌లో దిగి హెలికాప్టర్ కోసం చూస్తుండగా ఆ తలుపు పేలింది. గ్రిసమ్ ఈదుకుంటూ బయటపడ్డాడు, నౌక మునిగింది. తాను మీట ముట్టుకోలేదని ఆయన చెప్పినా, కంగారులో నొక్కేశాడన్న గుసగుసలు ఆగలేదు. మరుసటి ఏడాది మరో వ్యోమగామి వాల్టర్ షిరా తన నౌక తలుపును కావాలనే పేల్చాడు. మీట ఎదురుతన్ని చెయ్యి కమిలింది. గ్రిసమ్ చేతికి అలాంటి దెబ్బేమీ లేదు. నా ఓటు గ్రిసమ్‌కే.

1999 జూలై 20న కర్ట్ న్యూపోర్ట్ బృందం దాదాపు 4,900 మీటర్ల లోతు నుంచి ఆ నౌకను పైకి లాగింది. కాన్సాస్‌లోని కాస్మోస్ఫియర్ మ్యూజియంవాళ్లు దాన్ని భాగాలుగా విప్పి, కడిగి, మళ్లీ కూర్చారు. జ్ఞాపికలుగా పంచడానికి గ్రిసమ్ వెంట తీసుకెళ్లిన పది సెంట్ల నాణేలు కూడా అందులో బయటపడ్డాయి. తలుపు మాత్రం దొరకలేదు.

1965లో తాను ఎక్కిన జెమినీ నౌకకు గ్రిసమ్ పెట్టుకున్న ముద్దుపేరు మాలీ బ్రౌన్. టైటానిక్ మునిగినా బతికి బట్టకట్టినావిడ పేరది! ఆ నౌక ఇప్పుడు ఆయన సొంతూరు మిచెల్ దగ్గర, ఇండియానాలో ఉంది.

ఆ తర్వాత గ్రిసమ్ ఎక్కాల్సిన అపోలో 1 నౌక తలుపుకు మూడు పొరలు. లోపలిది లోపలికే తెరుచుకునేది, గాలి ఒత్తిడే దాన్ని బిగించి పట్టుకునేది. అంతరిక్షంలో తనంతట తాను ఊడకూడదు కదా! 1967 జనవరి 27న, నేలమీద జరుగుతున్న పరీక్షలో, స్వచ్ఛమైన ఆక్సిజన్ నిండిన నౌకలో మంటలు లేచాయి. ఆ తలుపు తీయడానికి కనీసం నిమిషన్నర కావాలి, మంటలు అంత వ్యవధి ఇవ్వలేదు. గ్రిసమ్, ఎడ్వర్డ్ వైట్, రోజర్ చాఫీ చనిపోయారు.

ఆ తర్వాత అపోలో నౌకలకు వచ్చిన ఒంటి తలుపు ఐదారు సెకన్లలో బయటికి తెరుచుకునేది. బరువు మాత్రం 100 కిలోలు దాటింది. అపోలో 11 తలుపు ఇప్పుడు స్మిత్సోనియన్ సేకరణలో ఉంది.

అపోలో 1 తలుపు ఏళ్ల తరబడి వర్జీనియాలోని నాసా లాంగ్లీ కేంద్రంలో మూలన ఉండిపోయింది. 2017లో, ప్రమాదం జరిగిన సరిగ్గా 50 ఏళ్లకు, దాని మూడు భాగాలనూ కెనెడీ స్పేస్ సెంటర్‌లో జనం చూసేలా ఉంచారు. నౌకను మాత్రం లాంగ్లీలోనే ఉంచేశారు.