టర్బో కార్లలో ఇంజన్ వేడి నియంత్రణ

టర్బోచార్జర్ ఉన్న కార్లలో బానెట్ కింద పోగయ్యే వేడిని అదుపు చేసే ఏర్పాట్లు, అలవాట్లు ఈ వ్యాస విషయం. మహబూబ్‌నగర్ నుంచి మక్తల్ మీదుగా రాయచూరు వెళ్లే 167వ జాతీయ రహదారి వంటి మెట్టదారుల్లో ఎండాకాలం నీడలోనే 42, 43 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది గనుక ఇక్కడ దీని అవసరం ఎక్కువ.

టర్బోకు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లో పేటెంట్ తీసుకున్నాడు. అమ్మకానికొచ్చిన తొలి టర్బో కారు ఏదన్నది వివాదం. 1962 నాటి షెవర్లే కోర్వైర్ స్పైడర్ అని కొందరు, అదే ఏటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అని ఎక్కువమంది అంటారు. వేడి సంగతి చూసేవారికి జెట్‌ఫైరే ముఖ్యం. ఇంజన్‌లోకి వెళ్లే గాలి వేడెక్కి, ఇంధనం అదుపు తప్పి పేలే నాకింగ్ రాకుండా అందులో నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని చిమ్మేవారు. ఆ ట్యాంకు నింపడం యజమానులు తరచూ మరిచేవారట.

వేడి రెండు వైపుల నుంచి వస్తుంది. పెట్రోలు ఇంజన్ పొగ, టర్బోలో దానితో తిరిగే టర్బైన్ దగ్గర 900 డిగ్రీలు దాటవచ్చు, డీజిల్‌లో కొంత తక్కువ. ఆ సెగ వైర్లకు, రబ్బరు గొట్టాలకు తగలకుండా రేకు కవచం పెడతారు. పొగగొట్టానికి చుట్టే పట్టీ కూడా పనిచేస్తుంది గానీ, లోపలి లోహం మరింత కాగి పగుళ్లివ్వవచ్చు. కాస్త ఎడం వదిలి బిగించిన రేకే మేలు.

రెండోది గాలి వైపు. టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుని పీడనం రెట్టింపు చేస్తే, 25 డిగ్రీల గాలి సుమారు 118కి, 43 డిగ్రీలది 142కి చేరుతుంది. బానెట్ కింద 60 డిగ్రీలున్న గాలినే పీలిస్తే 164. కంపెనీ గొట్టం తీసేసి ఇంజన్ పక్కనే బిగించే ఓపెన్ ఫిల్టర్లు చప్పుడు పెంచి బలం తగ్గించేది ఇందుకే. ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఎంత పెద్దదైనా దాన్ని బయటి గాలికంటే చల్లబరచలేదు.

సాధారణంగా ముందు ఏసీ కండెన్సర్, వెనక రేడియేటర్ ఉంటాయి. చాలా కార్లలో ఇంటర్‌కూలరూ ఆ వరుసలోనే ఉంటుంది. వరికోతలప్పుడు లేచే నుసి వాటి మధ్య సందుల్లో ఇరుక్కుంటుంది. పైపైన కడిగితే పోదు. ఇంజన్ వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టాలి.  కూలంట్ బదులు బోరు నీళ్లు పోస్తే మరిగే స్థాయి తగ్గడమే కాక సున్నం పేరుకుంటుంది.

ఆపేముందు ఇంజన్‌ను కాసేపు ఊరకే తిరగనివ్వాలా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. ఆపగానే ఆయిల్ ప్రవాహం ఆగి, టర్బైన్ వేడి బేరింగ్‌లోకి పాకి, అక్కడి ఆయిల్ మాడి గట్టిపడుతుందన్నది పాత డ్రైవర్ల భయం. 1980ల నుంచి వ్యాపించిన నీటితో చల్లబడే బేరింగ్ గూళ్లు దాన్ని చాలావరకు తీర్చాయి. మక్తల్ ఊళ్లోకి మెల్లగా వచ్చిన కారు దారిలోనే చల్లబడి ఉంటుంది. వేగంగా వచ్చి హైవే దాబా ముందు ఆగినప్పుడు ఇంజన్‌ను ఒక నిమిషం తిరగనివ్వడం సబబు. ఆపాక కూడా ఫ్యాన్ తిరగడం చాలా మోడళ్లలో లోపం కాదు.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల డీజిల్ కార్లలో మసి వడపోత తనలోని మసిని కాల్చుకుని శుభ్రపడేటప్పుడు 600 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. కోతల కాలంలో రోడ్డు పక్కన పరిచిన ఎండుగడ్డి మీద ఇలాంటి బండిని నిలపకూడదు.