సంతకం ఎవరిది?

మా అక్క మనవరాలికి పన్నెండేళ్లు. వేసవి సెలవులకి మా ఇంటికొచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా సంగతి వాళ్లమ్మ ఎన్నాళ్లుగానో అంటోంది కదా అని, ఓ పొద్దున పిల్లని వెంటబెట్టుకుని మా వీధి చివర డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. కౌంటరు దగ్గరమ్మాయి ఓ ఫారం ముందుకి జరిపి "ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అంది. నేనెవరో, ఆ పిల్లకి ఏమవుతానో అడగలేదు. పెన్ను తీశానో లేదో పక్కనుంచి ప్రశ్న: "చిన్నమ్మమ్మా, సూది నాకైతే సంతకం నువ్వెందుకు?"

పెన్ను మూసేశాను. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మన నేల మీద ఇంతకుముందు రెండుసార్లు చాలా గట్టిగా లేచిన ప్రశ్నే అది.

1985లో హైదరాబాదుకి దగ్గర్లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆడవాళ్లకి నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వడం మొదలుపెట్టారు. రెండు నెలలకోసారి వేయించుకుంటే పిల్లలు పుట్టరు. వచ్చినవాళ్లకి తెలిసింది అంతవరకే. అది భారత వైద్య పరిశోధన మండలి నడుపుతున్న ప్రయోగమని, ముట్టు క్రమం తప్పుతుందని, వేయించుకున్నాక వద్దనుకుంటే వెనక్కి తీసుకోవడం కుదరదని ఎవరూ చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లి ఆ సంగతులన్నీ చెప్పాక, వచ్చిన ఆడవాళ్లలో చాలామంది ఇంజెక్షన్ వేయించుకోకుండానే ఇంటికి వెళ్లిపోయారు. ప్రభుత్వం వైపు నుంచి 'చదువురాని ఆడవాళ్లకి ఇవన్నీ అర్థం కావు' అనే మాట ఎప్పుడూ వినిపించేదే. పటాన్‌చెరులో అర్థం కాకపోవడమే ఉంటే వాళ్లు ఎందుకు లేచి వెళ్లారు?

1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లారు. కేసు పద్నాలుగేళ్లు నడిచింది. తగిన పర్యవేక్షణ, కౌన్సెలింగ్ సౌకర్యాలు ఉన్నచోట తప్ప నెట్-ఎన్‌ని కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో మూకుమ్మడిగా ప్రవేశపెట్టబోమని 2000లో ప్రభుత్వం ఒప్పుకుంది. ఈలోగా 1991లో తెలుగులో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. ఆ పుస్తకం చదివి డాక్టరు దగ్గర మొదటిసారి నోరు విప్పినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

రోగి, డాక్టరు కలిసి నిర్ణయం తీసుకోవాలనే మాటని అమెరికాలో 1982లో అధ్యక్షుడు నియమించిన ఒక కమిషన్ ఖాయం చేసింది. మన ఆసుపత్రుల్లో మాత్రం ఇప్పటికీ 'అంగీకారం' అన్న మాట వినపడదు. "సంతకం అయిందా?" అంటారు. అంగీకారం ఓ కాగితపు పనిగా మారిపోవడం మన భాషలోనే ఉంది.

అది ఎంతదూరం వెళ్లగలదో ఖమ్మం జిల్లాలో చూశాం. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో (మొదటి రెండూ ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి) 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గార్డసిల్ టీకా వేయడం మొదలైంది. నడిపింది పాథ్ అనే అమెరికా సంస్థ. వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం భాగస్వాములు. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీ ఉచితంగా ఇచ్చింది. గుజరాత్‌లోని వడోదరలో ఇలాగే ఇంకో కంపెనీ టీకా. దీన్ని ప్రయోగం అనలేదు, 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. పేరు మారితే నియమాలూ సడలిపోయాయి.

పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండేవాళ్లు. తల్లిదండ్రులు దూరపు గూడేల్లో. పిల్లలంతా ఒకేచోట దొరుకుతారు, మూడు డోసులకీ మళ్లీ వెతుక్కోనక్కర్లేదు. వేసేవాళ్లకి ఎంత వీలు! ఢిల్లీ నుంచి 'సమా' బృందం 2010 మార్చిలో వెళ్లి పిల్లలతో, వార్డెన్లతో మాట్లాడింది. చేతికిచ్చిన టీకా కార్డు ఇంగ్లీషులో ఉంది. క్యాన్సర్ రాదని చెప్పారు గానీ, టీకా వేసుకున్నా పెద్దయ్యాక పరీక్షలు చేయించుకుంటూనే ఉండాలని చెప్పలేదు. అసలు ఆ పరీక్ష అప్పట్లో మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలుగా దొరికేది కాదు కదా.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఆంధ్రప్రదేశ్ లెక్క ఇలా ఉంది: 9,543 అంగీకార పత్రాలు. వాటిలో 1,948 వేలిముద్రలు. 2,763 సంతకాలు హాస్టల్ వార్డెన్లవి.

ఈ చివరి అంకె దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. తేలిగ్గా తిట్టేయొచ్చు ఆ వార్డెన్లని. కానీ తల్లిదండ్రుల బదులు సంతకాలు పెట్టమని పైనుంచి ఆదేశం వచ్చాక, ఓ ఆశ్రమ పాఠశాల వార్డెన్ కాదనగలదా? టీకా గురించి ఆమెకి మాత్రం ఎవరు చెప్పారు? పిల్లకి తెలీదు, తల్లికి తెలీదు, సంతకం పెట్టినామెకీ సగమే తెలుసు. తెలిసినవాళ్లెవరూ ఆ గదిలో లేరు.

2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టుని ఆపేసింది. అప్పటికి రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఒకమ్మాయి క్వారీ నీళ్లలో మునిగి, ఒకమ్మాయి పాము కరిచి, ఒకమ్మాయి మలేరియాతో, ఇద్దరు పురుగుల మందు తాగి. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు. టీకాతో ఈ చావులకి సంబంధం కనిపించలేదని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది. అంగీకారం తీసుకున్న తీరులో లోపాలున్నాయనీ చెప్పింది. ఈ రెండో మాట మీదే కల్పనా మెహతా, నళినీ భానోత్, మన హైదరాబాదు వి. రుక్మిణీరావు 2012లో సుప్రీంకోర్టుకి వెళ్లారు.

టీకా మంచిదే. నేను దాన్ని అనుమానించడం లేదు. ఖమ్మం గొడవ సెగకి, అదే సమయంలో మన దేశంలో నడుస్తున్న ఇంకో అంతర్జాతీయ అధ్యయనంలోనూ టీకాలు మధ్యలో ఆగిపోయాయి. దాంతో ఒక్క డోసుతోనే మిగిలిపోయిన వేలమంది పిల్లల్ని ఏళ్లతరబడి గమనిస్తూ వచ్చారు. వాళ్లకి మూడు డోసులవాళ్లకి దాదాపు సమానంగా రక్షణ దొరికిందని 2021లో తేలింది. చిన్నవయసు వాళ్లకి ఒక్క డోసు ఇచ్చినా ఫర్వాలేదని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనడానికి ఆధారాల్లో అదొకటి. కానీ టీకా మంచిదైతే చెప్పి వేయడానికి భయమెందుకు? చెప్పకుండా వేసినందువల్లే కదా ఇన్నేళ్ల అపనమ్మకం! ఆ ఆలస్యంలో క్యాన్సర్ తెచ్చుకోబోయే ఆడవాళ్ల లెక్క ఏ కమిటీ వేస్తుంది?

జబ్బు చేసి వెళ్తే నొప్పి మన తరఫున మాట్లాడుతుంది. జబ్బు లేనప్పుడు వేసే సూదికి అలాంటి సాక్షి ఉండదు. ముప్ఫై ఏళ్ల తర్వాత రావచ్చో రాకపోవచ్చో అన్న ప్రమాదాన్ని ఇవాళ్టి జ్వరంతో, చెయ్యి నొప్పితో తూచుకోవాలి. ఆ తూకం డాక్టరు ఒక్కరే చేసేది కాదు. డాక్టరుకి టీకా తెలుసు, పిల్ల సంగతి పిల్లకే తెలుసు.

ఆ రోజు ఫారం ఖాళీగానే వెనక్కిచ్చాను. వారం తర్వాత వాళ్లమ్మ వచ్చాక ముగ్గురం మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ మొదట వాళ్లమ్మతో మాట్లాడబోయి, పిల్ల మొహం చూసి కుర్చీ అటు తిప్పుకుంది. గర్భాశయం బొమ్మ గీసి చూపించింది. "వేసుకున్నాక కూడా టెస్టులు చేయించుకోవాలా?" అనడిగింది పిల్ల. ముప్ఫై ఏళ్లు దాటాక చేయించుకోవాలంది డాక్టరమ్మ. "ఇవాళే వేసుకోవాలా?" అక్కర్లేదంది. ఆదివారం కబడ్డీ ఆట ఉంది, చెయ్యి నొప్పెడితే కుదరదు, సోమవారం వస్తానంది. డాక్టరమ్మ చీటీ మీద సోమవారం అని రాసింది.