పెన్నకు చుట్టంచూపు

పండక్కి నెల్లూరు జిల్లా ఆత్మకూరు వచ్చిన చుట్టాలకు ఏమేం చూపించాలో ఇంటివాళ్లకు ముందే తెలుసు. ఒక పూట ఉదయగిరి దుర్గం, దిగి వచ్చేటప్పుడు అక్కడి చెక్క చెంచాలు, గరిటెలు. ఇంకో పూట సోమశిల డ్యాము. రాత్రికి చింతపండు చిక్కగా పిసికి పోసిన చేపల పులుసు, అది మర్నాటికి ఇంకా బాగుంటుందన్న పాత మాట. అప్పుడప్పుడు అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో వచ్చిన అల్లుడి పెట్టెలో మాత్రం ముక్కలుగా విడదీసిన గాలపు కర్ర, ఓ రీలు, చిన్న డబ్బాలో ఈకలతో కట్టిన ఈగలు బయటపడతాయి. ఫ్లై ఫిషింగ్ అంటాడు. దారి చూపించేవాడు ఒకడుంటే ఏటికి పోదామంటాడు.

ఏ ఏటికి అన్నదే చిక్కు. ఈకల ఈగతో ఆడే వేట చల్లగా, తేటగా, ఏడాది పొడుగునా పారే నీళ్లలో పుట్టింది. ఈగ నీటి మీద వాలగానే నిజమైన పురుగనుకుని ట్రౌట్ చేప పైకి లేచి అందుకుంటుంది. పెన్న ఆ జాతి ఏరు కాదు. నంది కొండల్లో పుట్టి, గండికోట దగ్గర బండల్ని కోసుకుని, వెలిగొండల సందులోంచి సోమశిల వద్ద నెల్లూరు సీమలో అడుగుపెట్టి, మొత్తం 597 కిలోమీటర్లు నడిచి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈశాన్య రుతుపవనాలు పట్టిన నెలల్లో అదంతా ఎర్రని బురద నీళ్లు. ఎండాకాలం వచ్చేసరికి ఇసుక, అక్కడక్కడ మడుగులు. ఉదయగిరి దిక్కునుండే పిల్లాపేరు, బొగ్గేరుల సంగతి మరీను. వాన పడితే ఏరు, లేదంటే బండిబాట.

తెల్లదొరలకు ఈ తేడా తెలియక కాదు. మద్రాసు రాజధానిలో ట్రౌట్ కావాలనుకున్నప్పుడు వాళ్లు చూసింది నీలగిరుల వైపు. 1860లలో ఫ్రాన్సిస్ డే అనే సైనిక వైద్యుడు ఇంగ్లండు చేపల్ని అక్కడికి తేవాలని తంటాలు పడ్డాడు, కుదరలేదు. ఇరవయ్యో శతాబ్ది మొదటి పదేళ్లలో ఎచ్.సి. విల్సన్ అవలాంచి దగ్గర గుడ్లు పొదిగించాకగానీ నీలగిరి వాగుల్లో ట్రౌట్ నిలదొక్కుకోలేదు. నెల్లూరు ఎండకు ఆ చేప ఒక్క పూట కూడా ఓర్చుకోలేదు.

1873 నాటి పుస్తకాలు ముందేసుకుంటే ఒక తమాషా కనబడుతుంది. జాన్ బాస్వెల్ నెల్లూరు జిల్లా మాన్యువల్ అచ్చయింది ఆ ఏడే. ఫ్రాన్సిస్ డే ఇండియా, బర్మాల మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిందీ ఆ ఏడే. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్, గాలపు వేట మీద 'ది రాడ్ ఇన్ ఇండియా' అన్న పుస్తకాన్ని మంగళూరులో అచ్చు వేయించిందీ అప్పుడే. ఒకరికి జిల్లా లెక్క, ఒకరికి చేపల జాబితా, ఒకరికి సరదా. ముగ్గురూ తిరిగిన నీళ్లలో అప్పటికే బతుకుతున్న మనుషులు ఉన్నారు. ఆ నీళ్ల లోతుపాతులు తెలిసింది వాళ్లకే.

వాళ్లలో మొదట చెప్పుకోవలసింది బెస్తలను. సముద్రం ఒడ్డున వేటాడే పట్టపు వాళ్లు వేరు, ఏటి మీద, చెరువుల మీద వల వేసే బెస్తలు వేరు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చు వేసిన ఏడు సంపుటాల కులాల గ్రంథంలో బెస్తలకు రెండు వృత్తులు రాశాడు: చేపలు పట్టడం, పల్లకీ మోయడం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆనాటి ప్రయాణం కళ్లకు కడుతుంది. 1801లో కర్ణాటక నవాబు నుంచి ఈ సీమ కంపెనీ చేతికి వచ్చింది మొదలు, జమాబందీకి కదిలిన దొరను ఊరి నుంచి ఊరికి చేర్చింది బోయీల భుజాలే. వాగు అడ్డమొస్తే ఎక్కడ మోకాటి లోతో, ఎక్కడ మనిషి మునిగే గుంటో చూసుకుని దాటించవలసిందీ ఆ బోయీలే. నీటిలో ఎక్కడ కాలు పెట్టాలో తెలిసినవాడికి ఎక్కడ వల వేయాలో ఒకరు చెప్పాలా? గైడు అన్న మాట ఊళ్లోకి రాకముందే గైడు ఉన్నాడు. కూలీ బోయీగా తీసుకున్నాడంతే.

రెండోవాళ్లు యానాదులు. నెల్లూరు సీమతో పెనవేసుకున్న జాతి. కాలువ గండ్లలో మావులు పెట్టి, లోతు లేని నీళ్లలో ఊతలు వేసి, బురదలో చేత్తో తడిమి చేప పట్టడం, అడవిలో మందు మొక్కలు ఏరడం, ఎలుక కన్నాలు తవ్వడం వాళ్ల పని. అడవికి పోయిన అధికారులకు, వైద్యులకు వాళ్ల కళ్లే దిక్కు. ఇంత అక్కరకు వచ్చిన మనుషులలోనే కొందరిని తెల్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కిందికి తెచ్చింది. నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య వాళ్ల పక్షాన దశాబ్దాల పాటు పనిచేసి, 1962లో యానాదుల మీద పుస్తకమే రాశారు. ఆ చట్టం రద్దయింది స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో.

పేర్ల సంగతి ఇంకా చిత్రం. విశాఖపట్నంలో పనిచేసిన కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ అక్కడి రెండు వందల చేపల బొమ్మలు గీయించి, పల్లెవాళ్లు ఏమని పిలిచారో ఆ పేర్లే కింద రాసి, 1803లో పుస్తకం తెచ్చాడు. యూరప్ శాస్త్రవేత్తలు ఆ పేర్లనే లాటిన్‌లోకి ఎత్తుకున్నారు. కానాగుర్త అలాగే 'కానాగుర్టా' అయింది. మన వాలుగ ఏకంగా ఒక ప్రజాతికే పేరైంది: 1851లో డచ్చివాడు బ్లీకర్ పెట్టిన 'వాలాగో'. ప్రపంచంలో ఏ మ్యూజియంలో ఆ చేప సీసా ఎత్తినా చీటీ మీద తెలుగు మాటే. ఆ మాట చెప్పిన పల్లెకారు పేరు మాత్రం ఏ చీటీ మీదా లేదు.

ఏరు ఎండినా ఇక్కడ చేపకు కరువు లేకపోవడానికి కారణం చెరువు. పశ్చిమ నెల్లూరు అసలు చెరువుల దేశం. ఆ విద్య ఎంత పాతదో చెప్పే శాసనం కొండలకు అవతల, కడప జిల్లా పోరుమామిళ్లలో ఉంది. విజయనగరం బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరిలో ఉండి పాలిస్తూ 1369లో అక్కడ పెద్ద చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని ఆ శాసనం వరుసగా లెక్కపెడుతుంది. నీటిపారుదల ఇంజనీర్లు ఇప్పటికీ దాన్ని ఉదహరిస్తారు. ఉదయగిరి అనగానే 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోటే అందరికీ గుర్తొస్తుంది. ఆ కొండ మీద కూర్చున్న రాచబిడ్డకు నీళ్ల మీద ఇంత ధ్యాస ఉండేదన్న సంగతి చుట్టాలకు ఎవరూ చెప్పరు.

థామస్ కూడా చివరికి ఈ దారికే వచ్చాడు. 1887లో మద్రాసు నుంచి ఆయన మరో పుస్తకం వెలువరించాడు, పేరు 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా'. కొండవాగుల్లో వీరవిహారం చేసిన మనిషి చెరువుగట్టున గాలం వేసుకుని కూర్చోవడం మీద పుస్తకం రాశాడంటే, మైదానాల్లో వేట ఎక్కడుందో ఆయనకు అర్థమైందన్నమాట. అల్లుడికి ఈ పుస్తకం దొరికితే బాగుండు. అనంతసాగరం, కలువాయి చెరువుల గట్లు ఆయన చెప్పిన వేటకు సరిగ్గా సరిపోతాయి.

ఈకల ఈగకు అతి దగ్గరి చుట్టం కూడా ఈ గట్ల మీదే దొరుకుతుంది. కొరమీను నీళ్లలో ఉన్నా గాలి పీల్చక బతకలేదు. కాసేపటికోసారి పైకొచ్చి బుడగ వదిలి పోతుంది. ఆ బుడగ కనిపెట్టిన పల్లె కుర్రవాడు పొడుగాటి వెదురు కర్రకు దారం కట్టి, గాలానికి కప్పపిల్లను గుచ్చి, తామరాకుల సందున నీటి మీద తపతపలాడిస్తాడు. ముంచడు. ఈగను వాల్చే దొర చేసేదీ ఇదే, కాకపోతే ఈ కుర్రవాడికి కర్ర ఖర్చు కూడా లేదు. వానపామును ఎరగా పెట్టి, బెండు కట్టి పరిగెలు, జెల్లలు, బొమ్మిడాయిలు పట్టే వేట వేరు. అది ఓపిక ఉన్నవాళ్లది. ఎర్రని పిల్లల గుంపును కాచుకుని తిరిగే కొరమీనుల జోలికి పోవడం మాత్రం న్యాయం కాదు. తల్లిదండ్రులు పోతే ఆ గుంపు మొత్తం ఇతర చేపల నోట పడుతుంది.

ఏటికి అడ్డుకట్టలు పడ్డాక చేపల నడక మారింది. నెల్లూరు ఆనకట్ట 1850లలో, సంగం ఆనకట్ట 1880లలో వచ్చాయి. గుడ్లు పెట్టడానికి ఎదురీదే చేపలకు ఆనకట్టలు గోడలవుతున్నాయని, వాటికి మెట్లదారి విడవాలని ఫ్రాన్సిస్ డే ఊరూరా మొత్తుకున్నాడు. ఆయన గోలలో కొంత భాగమే చట్టమైంది. 1897 నాటి ఇండియన్ ఫిషరీస్ చట్టం మందుగుండుతోనూ, విషంతోనూ చేపలు చంపడాన్ని నిషేధించింది. గోడలు గోడలుగానే ఉండిపోయాయి. సంగం పాత ఆనకట్ట బదులు కట్టిన బ్యారేజీని 2022 సెప్టెంబరులో ప్రారంభించారు.

ఇక పులుసులో పడే చేప ఎవరు? ఈ ప్రశ్న వేస్తే నవ్వు రాక మానదు, ఎందుకంటే ఇంటికొచ్చిన అల్లుడిలాగే అదీ చుట్టమే. బొచ్చె గంగా మైదానాల చేప, గోదావరి, కృష్ణ దాకా దానికి సొంతిల్లు. అక్కడి నుంచి దక్షిణపు నదుల్లోకి దాన్ని ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో మద్రాసు మత్స్యశాఖ మోసుకొచ్చింది. నీళ్లు కూడా చుట్టాలే. 1871 నాటికి పూర్తయిన కర్నూలు కడప కాలువ తుంగభద్రను పెన్న పరీవాహకంలోకి తెచ్చింది. ఆ తర్వాత తెలుగుగంగ కృష్ణనే తెచ్చి సోమశిలలో కలిపింది. తిలాపియా 1952లో పరాయి దేశాల నుంచి ఇండియాలో దిగింది. గడ్డిచేప, వెండిచేప 1959లో వచ్చాయి. 1957 జులైలో ఒడిశాలో హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారం సూదిమందుగా ఇచ్చి చేపల చేత గుడ్లు పెట్టించాక, చేపపిల్లల కోసం నదుల వెంట తిరగవలసిన పని తగ్గింది. ఈ రోజు జలాశయంలో వల ఎత్తితే పడే బొచ్చె, శీలావతుల్లో చాలా వాటి పుట్టిల్లు హాచరీ తొట్టే. అసలైన ఊరివాడు కొరమీను. పక్కన వాలుగ, జెల్ల.

సోమశిల కట్ట పని 1970లలో మొదలై 1989 నాటికి ఒక కొలిక్కి వచ్చింది. నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు. ఆ నీళ్ల కింద కడప జిల్లా ఊళ్లు చాలా మునిగాయి. ఏటి మడుగుల్లో వల వేసినవాళ్లు జలాశయం మీద పుట్టి వేసుకుని లైసెన్సు వేటగాళ్లయ్యారు. చుట్టుపక్కల కొండలు పెనుశిల నరసింహ అభయారణ్యం, 1997 నుంచి. కాబట్టి అల్లుడు గాలం తెచ్చాడు గదా అని అడవి గట్టున ఎక్కడపడితే అక్కడ కూర్చోవడం కుదరదు. మత్స్యశాఖనో, అటవీశాఖనో అడగాలి, లేదా అనుమతి ఉన్నవాళ్ల పుట్టి ఎక్కాలి. వరద రోజుల్లో అసలు పోకూడదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య కట్ట తెగి, పెన్న ఎంత కసిగా దిగిందో చూసినవాళ్లు ఇంకా మరిచిపోలేదు.

ఇన్ని లెక్కలు చూసుకుని, సెలవుల్లో ఒక సాయంత్రం చెరువుగట్టు మీద అల్లుడు కర్ర ముక్కలు అతికించి, ఈకల ఈగను దారానికి ముడేసి, తామరాకులు లేని చోటు చూసుకుని నీళ్లలోకి ఈగను విసురుతాడు. పదిసార్లు విసురుతాడు. గట్టు కింద కప్పపిల్లల కోసం వెతుక్కుంటున్న ఓ కుర్రవాడు కాసేపు చూసి, ఇక ఆగలేక లేచి వస్తాడు.

"ఆడ ఏముంది మామా, ఉత్త నీళ్లు. ఈడకి రా, బుడగ ఈడ లేస్తా ఉండాది."